రెండు రేఖలు లంబమైతే వాలుల లబ్ధం మైనస్ ఒకటే ఎందుకు అవుతుంది?

తమ్ముడూ, నీ ప్రశ్న మొత్తం చదివాను. పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ, లెక్కల పేపరు వన్ బీలో సరళరేఖల పాఠం నడుస్తోంది అన్నావు. అడిగినవి మూడు. వాలుల లబ్ధం −1 అయితే రేఖలు లంబం అని రాయించారు గానీ ఎందుకో చెప్పలేదు. ఎక్స్ = 5, వై = 3 రేఖలు కళ్లెదుటే లంబంగా కనిపిస్తున్నా ఆ సూత్రం వాటికి పట్టడం లేదు. లంబరేఖ సమీకరణం రాసిన ప్రతిసారీ ప్లస్సో మైనస్సో ఎక్కడో తారుమారవుతోంది, పరీక్ష దగ్గరికొస్తుంటే టెన్షన్‌గా ఉంది.

ఇవి మూడు వేర్వేరు సందేహాలు కావు. నారాయణగూడ, హిమాయత్‌నగర్ వైపు కాలేజీల్లో చాలా ఏళ్లుగా ఇంటర్ లెక్కలు చెబుతున్నాను. ఈ పాఠంలో తడబడే పిల్లల్లో ఎక్కువమందికి ఒక్క విషయమే అందక మిగతావన్నీ బట్టీ పట్టాల్సి వస్తోంది. ఆ ఒక్కటీ కొంచెం నిదానంగా చెబుతాను, మిగతావి త్వరగా తేల్చేస్తాను.

ఫోన్‌లో తెలుగు కీబోర్డు మీద కొడుతున్నాను కాబట్టి సమీకరణాల్లో అక్షరాలు కూడా తెలుగులోనే పడతాయి. నీ నోట్సులో మామూలుగా రాసుకో. పక్కన ఒక గ్రాఫ్ పేపర్, పెన్సిల్ పెట్టుకో.

కాసేపు సూత్రం మర్చిపో. లంబం అంటే 90 డిగ్రీల మలుపు, అంతకు మించి ఏమీ లేదు. మూల బిందువు దగ్గర పెన్సిల్ పెట్టి కుడికి 3 గడులు, పైకి 2 గడులు వెళ్లి చుక్క పెట్టు. అది (3, 2). మూల బిందువుతో కలిపితే వచ్చే రేఖ వాలు, అంటే నిలువు కదలికను అడ్డం కదలికతో భాగిస్తే వచ్చేది, 2/3. ఇప్పుడు కాగితాన్ని బల్ల మీదే గడియారం ముల్లుకు ఎదురు దిశలో పావు చుట్టు తిప్పు. ఇందాక కుడికి పోయిన 3 గడులు ఇప్పుడు పైకి పోతున్నాయి. పైకి పోయిన 2 గడులు ఎడమకు పోతున్నాయి. అంటే మన చుక్క (−2, 3) దగ్గరికి వచ్చింది. కొత్త రేఖ వాలు 3/(−2), అంటే −3/2.

2/3ను −3/2తో గుణిస్తే −1. నీ సూత్రం ఇదే. అడ్డంగా నడిచింది నిలువుగా మారింది కాబట్టి భిన్నం తలకిందులైంది. నిలువుగా నడిచింది ఎడమకు తిరిగింది కాబట్టి మైనస్ వచ్చింది. 3, 2 బదులు ఏ సంఖ్యలు పెట్టుకున్నా జరిగేది ఇంతే: (పి, క్యు) దిశను పావు చుట్టు తిప్పితే (−క్యు, పి) అవుతుంది. గడియారం ముల్లు దిశలో తిప్పితే (క్యు, −పి). రెండూ ఒకే రేఖ మీద ఎదురెదురు దిశలు, కాబట్టి ఎటు తిప్పామన్నది రేఖకు పట్టదు.

కాగితం తిప్పి చూపించడం నిరూపణ ఎలా అవుతుందని అడుగుతావేమో. అడగాల్సిందే. పైథాగరస్‌తో మూడు లైన్లలో తేలుతుంది. మూల బిందువు గుండా పోయే రెండు రేఖలు తీసుకో, వాలులు ఎమ్1, ఎమ్2. ఎక్స్ = 1 దగ్గర మొదటి రేఖ మీద బిందువు (1, ఎమ్1), రెండో దాని మీద (1, ఎమ్2). ఈ రెండూ, మూల బిందువూ కలిసి ఒక త్రిభుజం. మూల బిందువు దగ్గర లంబకోణం ఉంటే, ఉన్నప్పుడే:

(ఎమ్1 − ఎమ్2)² = (1 + ఎమ్1²) + (1 + ఎమ్2²)

ఎడమవైపు విస్తరించు. వర్గాలు రెండు వైపులా కొట్టుకుపోతాయి. మిగిలేది −2 × ఎమ్1 × ఎమ్2 = 2. అంటే ఎమ్1 × ఎమ్2 = −1. పైథాగరస్ సిద్ధాంతం విపర్యయం కూడా నిజమే కాబట్టి ఇది రెండు వైపులా పనిచేస్తుంది: లంబమైతే లబ్ధం −1, లబ్ధం −1 అయితే లంబం. రేఖలు మూల బిందువు గుండా పోకపోయినా ఫర్వాలేదు, సమాంతరంగా జరిపితే వాలు మారదు కదా.

క్లాసులో బహుశా టాన్ సూత్రంతో చూపించి ఉంటారు. రెండు రేఖల మధ్య కోణానికి టాన్ విలువలో హారం 1 + ఎమ్1 × ఎమ్2. కోణం 90 డిగ్రీలైతే టాన్‌కు విలువ ఉండదు, కాబట్టి హారం సున్నా. అదీ సరైనదే, కానీ విలువ లేని దాని నుంచి సమీకరణం రాబట్టడం ఫస్టియర్ పిల్లలకు కొంచెం గారడీలా కనిపిస్తుంది. అందుకే నేను పైథాగరస్ దారి ముందు చెబుతాను.

ఇక రెండో సందేహం. ఎక్స్ = 5 నిలువు రేఖ. దాని మీద ఎంత నడిచినా అడ్డంగా కదిలేది సున్నా. వాలు అంటే నిలువు కదలికను అడ్డం కదలికతో భాగించడం కాబట్టి ఇక్కడ సున్నాతో భాగించాల్సి వస్తుంది, వాలు నిర్వచితం కాదు. లేని సంఖ్యను ఇంకో సంఖ్యతో గుణించి −1 రాలేదని బాధపడితే ఎలా? సూత్రం తప్పు కాదు. "రెండు రేఖలకూ వాలు ఉంటే" అన్న షరతు దానికి ముందు ఉంది, నోట్సు తొందరలో అది రాలిపోయింది. వై = 3 వాలు సున్నా. దానికి ఉన్న లంబరేఖలన్నీ నిలువు రేఖలే.

వాలును వదిలి దిశతో మాట్లాడితే ఈ మినహాయింపు కూడా అక్కర్లేదు. ఒక రేఖ దిశ (పి, క్యు), ఇంకో రేఖ దిశ (ఆర్, ఎస్) అనుకుందాం. లంబం కావాలంటే రెండో దిశ (−క్యు, పి)కి గుణిజం కావాలి. దాన్నే ఇలా రాయొచ్చు:

పి × ఆర్ + క్యు × ఎస్ = 0

అడ్డాన్ని అడ్డంతో, నిలువును నిలువుతో గుణించి కూడితే సున్నా రావాలి. నిలువు రేఖ దిశ (0, 1), అడ్డ రేఖ దిశ (1, 0): 0 + 0 = 0. భాగహారమే లేదు కాబట్టి చిక్కే లేదు. ఇంకో పేపరు వన్ ఏలో సదిశలు వచ్చినప్పుడు అదిశ లబ్ధం అని నేర్చుకునేది దీన్నే. త్రిపరిమాణ జ్యామితిలోకి వెళ్లాక వాలు అన్న మాటే ఉండదు, ఈ మొత్తానికి మూడో పదం ఒకటి చేరుతుంది, అంతే. అందుకే వాలుల సూత్రం కంటే ఇది గట్టి పనిముట్టు. నా దగ్గరికి వచ్చే పిల్లలకు రఫ్ వర్కులో ఇదే వాడమంటాను.

ఇప్పుడు నీ మూడో సందేహం, అసలు మార్కులు పోయేది ఇక్కడే.

ఎ·ఎక్స్ + బి·వై + సి = 0 అన్న రేఖను చూడగానే ముందు గుర్తుకు రావాల్సింది వాలు కాదు. ఎక్స్ గుణకం, వై గుణకం రెండూ కలిపి (ఎ, బి) అన్న దిశ. ఆ దిశ రేఖ వెంట పోదు, రేఖకు లంబంగా పోతుంది. ఎందుకంటే రేఖ మీద ఏ రెండు బిందువులైనా తీసుకుని వాటి సమీకరణాలను ఒకదాని నుంచి ఇంకోటి తీసివేస్తే సి పోతుంది, మిగిలేది:

ఎ × (ఎక్స్‌ల తేడా) + బి × (వైల తేడా) = 0

ఇందాకటి "గుణించి కూడితే సున్నా" ఇదే కదా. ఆ తేడాలు రేఖ దిశ. వాటికి లంబంగా ఉన్నది (ఎ, బి). ఈ ఒక్క ముక్క మనసులో కూర్చుంటే సమీకరణం రాయడం చాలా తేలిక: కొత్త రేఖ గుణకాల దిశ పాత గుణకాల దిశకు లంబంగా ఉంటే చాలు. తారుమారు చేసి ఒకదాని గుర్తు మార్చు:

బి·ఎక్స్ − ఎ·వై + కె = 0

ఒక ఉదాహరణ. 5ఎక్స్ − 2వై + 7 = 0 రేఖకు లంబంగా, (4, −1) గుండా పోయే రేఖ కావాలి. ఇక్కడ గుణకాలు 5, −2. గమనించు, రెండోది మైనస్ 2. తారుమారు చేస్తే −2, 5. ఒకదాని గుర్తు మార్చితే 2, 5. కాబట్టి 2ఎక్స్ + 5వై = కె. (4, −1) ప్రతిక్షేపిస్తే 8 − 5 = 3. జవాబు 2ఎక్స్ + 5వై = 3.

చాలామంది ఇక్కడ 2ఎక్స్ − 5వై అని రాస్తారు. "లంబం అంటే మధ్యలో మైనస్" అని బుర్రలో ఉండిపోవడమే కారణం. మొదటి రేఖలోనే మైనస్ ఉంటే లంబరేఖలో ప్లస్ వస్తుందని తట్టదు. కాబట్టి రాసిన వెంటనే ఒక సరిచూపు: 5 × 2 + (−2) × 5 = 10 − 10 = 0. సున్నా రాకపోతే ముందుకెళ్లొద్దు. నోటితో అయిపోయే లెక్క ఇది. ఏడు మార్కుల లెక్కలో మొదటి లైనే తప్పయితే చివరిదాకా తప్పే కాబట్టి ఈ అలవాటు చాలా మార్కులు కాపాడుతుంది.

ఇంకో రెండు పొరపాట్లు కూడా తరచూ చూస్తాను. ఒకటి, కొత్త రేఖలో కూడా పాత స్థిరాంకం 7నే ఉంచేయడం. ఆ 7కు లంబంతో సంబంధం లేదు, అది పాత రేఖ ఎక్కడుందో చెప్పే సంఖ్య. కొత్త రేఖ ఎక్కడుండాలో దానికిచ్చిన బిందువే చెబుతుంది. రెండోది, 3ఎక్స్ + 4వై = 12 కనిపించగానే వాలు 3/4 అనేయడం. వై ఒక్కదాన్నే ఒక వైపు ఉంచితే వాలు −3/4. గుణకాల దిశ అలవాటైతే అసలు వాలు తీయాల్సిన అవసరమే చాలా లెక్కల్లో రాదు.

బిందువు ఇచ్చినప్పుడు కె కోసం వెతకకుండా నేరుగా కూడా రాసేయొచ్చు. బిందువు (4, −1), గుణకాలు 2, 5 అయితే 2(ఎక్స్ − 4) + 5(వై + 1) = 0. విస్తరిస్తే అదే వస్తుంది. నాకు ఈ పద్ధతే ఇష్టం, బిందువు రేఖ మీద ఉందన్న సంగతి సమీకరణంలోనే కనిపిస్తుంది.

దూరం, లంబపాదం, ప్రతిబింబం అన్న మూడు సూత్రాలకూ ఇదే దారి. వీటికి మన ఊరి బొమ్మ ఒకటి చెబుతాను. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా చార్మినార్ కట్టించినప్పుడు దాని నాలుగు కమానులూ నాలుగు దిక్కులకు పెట్టి, అక్కడి నుంచి నాలుగు వైపులా దారులు వేశారు. ఆ నగర నమూనాకు మీర్ మోమిన్ అస్త్రాబాదీ పేరు చెబుతారు. ఉత్తరాన గుల్జార్ హౌజ్, పడమర లాడ్ బజార్, దక్షిణాన శాలిబండ దారి. నిరూపక తలం గీసుకోవడానికి ఇంతకంటే ఏం కావాలి? చార్మినార్ మూల బిందువు, తూర్పు వైపు ఎక్స్ అక్షం, ఉత్తరం వైపు వై అక్షం, ఒక యూనిట్ అంటే 100 మీటర్లు అనుకో.

ఇప్పుడు 3ఎక్స్ + 4వై = 25 అని ఒక ఊహా రోడ్డు వేద్దాం. పాతబస్తీలో ఇంత తిన్నని రోడ్డు దొరకదులే, లెక్క కోసం. చార్మినార్ నుంచి ఆ రోడ్డుకు అతి తక్కువ దూరం ఎంత? తక్కువ దూరం అంటే లంబంగా పోయే దారి. రోడ్డుకు లంబమైన దిశ సమీకరణంలోనే రాసి ఉంది: (3, 4). మూల బిందువు నుంచి ఆ దిశలో టి రెట్లు నడిస్తే (3టి, 4టి) దగ్గరుంటాం. రోడ్డు సమీకరణంలో పెడితే 9టి + 16టి = 25, టి = 1. అంటే (3, 4) దగ్గర రోడ్డు తగులుతుంది. అది లంబపాదం. దూరం 9 + 16 వర్గమూలం, 5 యూనిట్లు, 500 మీటర్లు.

చార్మినార్ కాకుండా ఇంకోచోట, (10, 5) దగ్గర నిలబడ్డావనుకో. పద్ధతి అదే, మొదలు మారింది. (10 + 3టి, 5 + 4టి)ని సమీకరణంలో పెట్టు: 30 + 9టి + 20 + 16టి = 25. అంటే 25టి = −25, టి = −1. లంబపాదం (7, 1). దూరం 3, 4 వర్గాల మొత్తం వర్గమూలం, మళ్లీ 5. టి మైనస్ రావడం అంటే (3, 4) దిశకు ఎదురుగా నడిచామని అర్థం, తప్పు చేశామని కాదు.

ఇప్పుడు రోడ్డే అద్దం అయితే నీ ప్రతిబింబం ఎక్కడ? పాదం దగ్గరికి ఎంత నడిచామో అంతే దూరం అవతలికి నడవాలి. టి రెట్టింపు, −2. బిందువు (4, −3). సరిచూపు చాలా బాగుంటుంది: 3ఎక్స్ + 4వై − 25లో (10, 5) పెడితే 25 వస్తుంది, (4, −3) పెడితే −25 వస్తుంది. బిందువు విలువ, ప్రతిబింబం విలువ ఎప్పుడూ గుర్తు మాత్రమే మారి సమానంగా ఉంటాయి. మల్టిపుల్ చాయిస్ ప్రశ్నలో నాలుగు ఆప్షన్లలో ముందు దీన్ని పెట్టి చూస్తే చాలాసార్లు రెండు మూడు అక్కడే ఎగిరిపోతాయి. ఎప్‌సెట్‌లో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు, అందులో 80 లెక్కలవే కాబట్టి ఇలాంటి చిన్న సరిచూపులకు అక్కడ విలువ ఎక్కువ.

నీ పుస్తకంలో ఉన్న దూరం సూత్రం, అంటే బిందువును సమీకరణంలో పెట్టి వచ్చిన విలువను గుణకాల వర్గాల మొత్తం వర్గమూలంతో భాగించేది, ఇందాక చేసిన నడక నుంచే వస్తుంది. ఒక్కసారి సంఖ్యల బదులు అక్షరాలతో నువ్వే చేసి చూడు. టి విలువ దొరుకుతుంది, దాన్ని (ఎ, బి) పొడవుతో గుణిస్తే దూరం, మైనస్ వస్తే పరమ మూల్యం, అంటే ఆ మైనస్ వదిలేయడమే. అభిలంబ రూపం కూడా దీని తమ్ముడే: 3ఎక్స్ + 4వై = 25ను 5తో భాగిస్తే కుడివైపు మిగిలే 5 మూల బిందువు నుంచి దూరం, ఎడమవైపు 3/5, 4/5 లంబం దిశ కొసైన్, సైన్.

రెండు బిందువులను కలిపే రేఖాఖండాన్ని సరిగ్గా మధ్యలో లంబంగా ఖండించే లంబ సమద్విఖండన రేఖకు ఇంకో సూత్రం ఏమీ లేదు. (1, 2), (7, −2) ఇచ్చారనుకో. మధ్య బిందువు (4, 0), రెండు బిందువులను కలిపే దిశ (6, −4), అంటే (3, −2). ఆ దిశే కొత్త రేఖకు గుణకాలు: 3(ఎక్స్ − 4) − 2వై = 0, అంటే 3ఎక్స్ − 2వై = 12. వన్ బీ మొదటి పాఠం బిందుపథంలో "రెండు బిందువుల నుంచి సమాన దూరంలో ఉండే బిందువు" అని చేసిన లెక్క జవాబు కూడా ఇదే. ఆ పద్ధతిలో రెండు దూరాల వర్గాలు సమానం చేసి చూడు, చివరికి ఈ సమీకరణమే వస్తుంది. రెండు పాఠాలు వేర్వేరని అనిపించినా ఒకటే రేఖ.

త్రిభుజం శీర్షాల నుంచి ఎదుటి భుజాలకు గీసే లంబాలు (ఉన్నతులు) కలిసే బిందువు లంబకేంద్రం. దాని గురించి నువ్వు అడగలేదు గానీ ఏడు మార్కుల ప్రశ్నగా చాలాసార్లు వస్తుంది, పైగా పిల్లలు రెండు పేజీలు నింపేది అక్కడే. శీర్షాలు ఎ(2, 5), బి(−1, −1), సి(5, 2) తీసుకో. మామూలుగా ఏం చేస్తారంటే, భుజం వాలు తీసి, దాన్ని తలకిందులు చేసి, మైనస్ పెట్టి, బిందు-వాలు రూపంలో రాసి, విస్తరిస్తారు. ఇన్ని మెట్లలో ఒక గుర్తు జారడం పెద్ద వింతేం కాదు. మన పద్ధతిలో ఎదుటి భుజం దిశనే ఉన్నతి రేఖకు గుణకాలుగా పెట్టేయాలి, తారుమారు కూడా అక్కర్లేదు. బి నుంచి సికి దిశ (6, 3), అంటే (2, 1). ఎ గుండా పోయే ఉన్నతి: 2(ఎక్స్ − 2) + (వై − 5) = 0, అంటే 2ఎక్స్ + వై = 9. ఎ నుంచి సికి దిశ (3, −3), అంటే (1, −1). బి గుండా ఉన్నతి: (ఎక్స్ + 1) − (వై + 1) = 0, అంటే ఎక్స్ = వై. రెండూ కలిస్తే 3ఎక్స్ = 9. లంబకేంద్రం (3, 3). మూడో ఉన్నతి ఎక్స్ + 2వై = 9, దాని మీదా ఈ బిందువు ఉంది, 3 + 6 = 9. పరీక్షలో ఆ మూడోది చూడటం తప్పనిసరి కాదు, కానీ ఒక లైనే కాబట్టి చూడు.

పరీక్షలో మెట్లు చూపించాలి కదా అంటావేమో. చూపించు. "భుజం దిశ ఉన్నతికి లంబం కాబట్టి ఉన్నతి సమీకరణంలో ఎక్స్, వై గుణకాలు ఆ దిశకు అనుపాతంలో ఉంటాయి" అని ఒక వాక్యం రాస్తే సరిపోతుంది. మీ సార్ వాలుతోనే రాయాలని గట్టిగా చెప్పి ఉంటే జవాబు పత్రంలో వాలుతో రాయి, రఫ్‌లో దీనితో సరిచూసుకో. ఇంకో మాట, లంబకేంద్రం అడిగినప్పుడు లెక్క మొదలుపెట్టక ముందే మూడు భుజాల దిశలు రాసి రెండేసి చొప్పున గుణించి కూడు. సున్నా వచ్చిందా, అది లంబకోణ త్రిభుజం, లంబకోణం ఉన్న శీర్షమే లంబకేంద్రం. ఇంకేమీ చేయనక్కర్లేదు. ప్రశ్నపత్రం తయారు చేసేవాళ్లు ఈ రకం త్రిభుజాలను కావాలనే ఇస్తుంటారు.

రెండు రేఖలను ఒకే సమీకరణంలో రాసే సరళరేఖాయుగ్మాల పాఠంలో ఎ·ఎక్స్² + 2హెచ్·ఎక్స్·వై + బి·వై² = 0 రేఖలు లంబం కావాలంటే ఎ + బి = 0 అని వస్తుంది. అక్కడ వాలుల లబ్ధం ఎ/బి. దాన్ని −1 చేస్తే అంతే. వక్రరేఖకు గీసే అభిలంబ రేఖలు కూడా అదే కథ, స్పర్శరేఖ వాలును తలకిందులు చేసి మైనస్ పెట్టడం.

ఎక్కువమంది పట్టించుకోని సంగతి ఒకటుంది, నువ్వు గ్రాఫ్ గీసి సరిచూద్దామని కూర్చుంటే తప్పకుండా తగులుతుంది. వాలుల లబ్ధం −1 అయినా గ్రాఫ్ మీద రేఖలు లంబంగా కనిపించకపోవచ్చు. వై = 2ఎక్స్, వై = −ఎక్స్/2 గీయి. లెక్క ప్రకారం లంబం. కానీ ఎక్స్ అక్షం మీద 1 సెంటీమీటర్‌కు 1 యూనిట్, వై అక్షం మీద 1 సెంటీమీటర్‌కు 2 యూనిట్లు స్కేలు పెట్టుకున్నావనుకో. కాగితం మీద మొదటి రేఖ వాలు 1, రెండో దానిది −1/4. కోణమాపినితో కొలిస్తే 59 డిగ్రీల దగ్గర వస్తుంది. తప్పు నీ సమీకరణానిది కాదు, స్కేలుది. పావు చుట్టు తిప్పినప్పుడు అడ్డం నిలువుగా మారిందన్నాం కదా, అడ్డం గడి నిలువు గడి ఒకే పొడవు ఉంటేనే ఆ మాట నిలుస్తుంది. అక్షాలు కూడా ఒకదానికొకటి లంబంగా ఉండాలి. మనకు ఇది పుట్టుకతో వచ్చిన నియమంలా అనిపిస్తుంది గానీ 1637లో డెకార్ట్ జ్యామితిని బీజగణితంతో ముడిపెట్టినప్పుడు అక్షాలు లంబంగానే ఉండాలన్న నియమం ఆయన పెట్టుకోలేదు. ఫోన్‌లో గ్రాఫ్ యాప్ వాడితే కూడా రెండు అక్షాలకూ స్కేలు సమానంగా ఉందో లేదో ముందు చూడు. ఒక అక్షాన్ని మాత్రమే లాగితే బొమ్మ మారిపోతుంది.

దీనికి పుస్తకం బయట కూడా పని ఉంది. ఫోన్ మ్యాప్‌లో వచ్చే అక్షాంశ రేఖాంశాలను వై, ఎక్స్ అనుకుని వాలులు తీసి లంబమో కాదో తేల్చేస్తే జవాబు కాస్త తేడా వస్తుంది. హైదరాబాద్ సుమారు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఇక్కడ అక్షాంశంలో ఒక డిగ్రీ అంటే నేల మీద సుమారు 111 కిలోమీటర్లు, రేఖాంశంలో ఒక డిగ్రీ అంటే సుమారు 106 మాత్రమే, ఎందుకంటే ధ్రువాల వైపు పోయేకొద్దీ రేఖాంశాలు దగ్గరవుతాయి. డిగ్రీల్లో వాలు 1, −1 వచ్చిన రెండు దారులు నేల మీద 90కి రెండు డిగ్రీలకు పైగా తేడాతో కలుస్తాయి. ముందు కిలోమీటర్లలోకి మార్చుకుని తర్వాత వాలు తీయాలి. ఇంటి ప్లాట్ మూలలు చతురంగా ఉన్నాయో లేదో ఫోన్‌తో చూద్దామనుకునేవాళ్లకు ఇది తెలియదు. ప్లాటంత చిన్న కొలతలో ఫోన్ జీపీఎస్ చూపించే పొరపాటు ఇంతకంటే పెద్దదనుకో, అది వేరే కథ.

ఇవన్నీ నీకు ఎక్కాయో లేదో తెలియాలంటే ఒక లెక్క చెయ్యి, సమీకరణం ఒక్కటి కూడా రాయకుండా. చతురస్రంలో ఒక భుజం చివరలు (1, 2), (4, 3). మిగతా రెండు శీర్షాలు కావాలి. భుజం దిశ (3, 1). ఎడమకు పావు చుట్టు తిప్పితే (−1, 3). దాన్ని రెండు చివరలకూ కలిపితే (0, 5), (3, 6). కుడికి తిప్పితే (1, −3), అప్పుడు (2, −1), (5, 0). భుజానికి అటొకటి ఇటొకటి, రెండు చతురస్రాలూ సరైన జవాబులే. ప్రశ్నలో ఇంకో షరతు ఇవ్వకపోతే రెండూ రాయాలి, ఒకటే రాస్తే మార్కులు పోతాయి. ఇప్పుడు (1, 2), (4, 3)లను భుజం చివరలుగా కాకుండా ఎదురెదురు మూలలుగా తీసుకుని చెయ్యి. మధ్య బిందువు నుంచి సగం కర్ణాన్ని తిప్పాలి. (2, 4), (3, 1) రావాలి. రాకపోతే నీ లెక్క మొత్తం ఇక్కడే పెట్టు, చూస్తాను.